విమానంలో పచ్చడి సీసా నూనె కక్కకుండా ఉండాలంటే మూత ఎలా ఉండాలి?

ప్రశ్న:
నమస్కారం. గుంటూరులో మా అమ్మగారూ నేనూ ఇంట్లోనే ఆవకాయ కలిపి, విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపుకునేవారికి గాజు సీసాల్లో కట్టి ఇస్తున్నాము. మూత ఎంత బిగించినా, పైన టేపు చుట్టినా, అక్కడ పెట్టె తెరిచేసరికి మూత అంచున నూనె ఊరి బట్టలకు ఎర్రటి మరక అంటుకుంటోందని చెబుతుంటే మనసుకు కష్టంగా ఉంది. ఒత్తిడి మారినప్పుడు తనంతట తాను సర్దుకునే మూత చేయించవచ్చునా? సన్నని రంధ్రం పెట్టి వాల్వు అమర్చితే సరిపోతుందా? అరలీటరు సీసా, మూతి వెడల్పు 63 మిల్లీమీటర్లు, పైన సుమారు 20 మిల్లీలీటర్ల ఖాళీ వదులుతున్నాము.

మొదటి జవాబు:
కొలతలు ఇచ్చి మంచి పని చేశారు. మీ ఊళ్లో గాలి ఒత్తిడి సుమారు 101 కిలోపాస్కల్స్ ఉంటే, ఎగిరే విమానం లోపల అది దాదాపు 75కు తగ్గుతుంది. మూత కదలకపోతే లోపలి గాలి దాన్ని ఎనిమిది కిలోల బరువుతో సమానమైన బలంతో పైకి తోస్తుంది. రంధ్రం మాత్రం వద్దండి. పెట్టెలో సీసా పడుకుని ఉంటుంది కనుక వాల్వు దగ్గరకు ముందుగా చేరేది గాలి కాదు, నూనె. కాఫీ గింజల సంచికి ఉండే ఒకవైపు వాల్వు చక్కగా పనిచేస్తోందంటే లోపల ఉన్నది పొడి సరుకు కాబట్టే.

మూత ఊపిరి పీల్చనక్కరలేదు, కదిలితే చాలు. మీ 20 మిల్లీలీటర్ల గాలికి అక్కడ 27 మిల్లీలీటర్ల చోటు కావాలి. మూత మధ్యభాగాన్ని వలయాలుగా ముడతలు పెట్టిన పల్చని పొరగా పోయిస్తే, నడిమధ్య నాలుగైదు మిల్లీమీటర్లు ఉబ్బినా ఆ ఏడు మిల్లీలీటర్లూ దొరుకుతాయి, విమానం దిగాక పొర మళ్లీ యథాస్థానానికి వస్తుంది.

రెండో జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూ, వాషరు గురించి కూడా చెప్పాలి. మన గోలీ సోడా సీసాను గుర్తు చేసుకోండి. హైరమ్ కాడ్ 1872లో రూపొందించిన ఆ సీసాలో గ్యాసే గోలీని రబ్బరు వలయానికి అదిమి పెడుతుంది, అంటే ఒత్తిడి పెరిగేకొద్దీ మూత మరింత బిగుస్తుంది. మీ మూతలోని చదునైన ఫోము బిళ్ల దీనికి పూర్తిగా విరుద్ధం, ఒత్తిడి పెరిగితే అది వదులవుతుంది. దానికి బదులు సీసా మూతి లోపలి గోడకు ఆనుకునే పల్చని పెదవి గల సిలికాన్ వాషరు వేయిస్తే, లోపలి ఒత్తిడే ఆ పెదవిని గాజుకు అదుముతుంది. మామూలు రబ్బరు వాడకండి, అది నూనెకు ఉబ్బిపోతుంది.

మూడో జవాబు:
నేను ఏటా పచ్చళ్లు పెట్టేదాన్ని. ఆవకాయ కలిపిన రోజే సీసాకెత్తకండి. మూడో రోజు తిరగకలిపి, ముక్క ఊరి, బుడగలు రావడం పూర్తిగా ఆగే వరకు జాడీకి వాసెన కట్టి ఉంచండి, ఆ గుడ్డలోంచి గాలి దానంతట అదే పోతుంది. ఊరుతున్న పచ్చడి గ్యాసును పుట్టిస్తూనే ఉంటుంది కనుక ఏ మూతా దాన్ని ఎంతోకాలం ఆపలేదు. అలాగని ఖాళీ లేకుండా అంచు దాకా నింపకండి, 200 మిల్లీలీటర్ల నూనె 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీలీటర్లు పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ముడతల మూతకూ పెదవి వాషరుకూ నమూనాలు చేయించి, సీసాను పడుకోబెట్టి వాక్యూమ్ పంపు ఉన్న గాజు గంట కింద పరీక్షిస్తాను. ఈ విడత ఆవకాయను మాత్రం ఇంకా జాడీలోనే ఉంచాము.