డ్రైవింగ్ స్కూల్ ఫీజు: 15 రోజులకు 4,500 ఇవ్వాలా, 21 రోజులకు 7,500 ఇవ్వాలా?

ప్రశ్న (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. నా వయసు 41. పదిహేనేళ్లుగా స్కూటీ నడుపుతున్నాను, కారు స్టీరింగ్ మాత్రం ఇప్పటిదాకా పట్టుకోలేదు. అమ్మ గుంటూరులో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక బస్సు ఎక్కలేకపోతోంది. ఆసుపత్రికి వెళ్లాల్సిన ప్రతిసారీ మా ఆయనకు సెలవు దొరకాలి, లేదంటే కారు మాట్లాడుకోవాలి. అందుకే ఈసారి నేర్చుకుని తీరాలనుకున్నాను.

మా ఇంటి దగ్గర రెండు చోట్ల అడిగాను. ఒకరు 15 రోజులకు 4,500 అన్నారు. ఇంకొకరు లైసెన్సు ఖర్చులతో కలిపి 21 రోజులకు 7,500 చెప్పి, "టెస్టు సంగతి మేం చూసుకుంటాం, టెన్షన్ వద్దు" అన్నారు. రెండు చోట్లా రోజుకు అరగంటే. మా మరిదేమో "డబ్బు దండగ వదినా, ఆదివారాలు మన కారులోనే నేను నేర్పిస్తా" అంటున్నాడు. మాది గేర్ల బండి. ఏం చేయమంటారు? ఆడవాళ్లు నేర్పే చోటే వెతుక్కోమంటారా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

మేడమ్, నేను కిందటేడు, 46 ఏళ్లప్పుడు నేర్చుకున్నాను. రెండు చోట్ల ఫీజు కట్టాక గానీ బండి నా చేతికి రాలేదు. ఆ పొరపాటు మీరు చేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి చోట 15 రోజులకు 5,000 కట్టాను. రోజుకు అరగంట అన్నారు. కారులో నాతో పాటు ఇంకో ఇద్దరు ఉండేవారు. ఒకరిని లక్ష్మీపురంలో ఎక్కించుకోవడం, మరొకరిని విద్యానగర్‌లో దింపడం, మధ్యలో ట్రైనర్ గారి ఫోన్లు. నాలుగో రోజు నుంచి గడియారం చూడటం మొదలుపెట్టాను. స్టీరింగ్ నా చేతిలో ఉన్నది రోజుకు 18 నిమిషాలు. 15 రోజులకు లెక్కేస్తే నాలుగున్నర గంటలు. అంటే గంటకు 1,100 పైనే ఇచ్చానన్నమాట. రెండో చోట 20 రోజులకు 7,000. ఒక్కదాన్నే కూర్చోబెట్టి నిండుగా అరగంట నడిపించారు. పది గంటలు, గంటకు 700. ఎక్కువ ఫీజు అనుకున్నదే నాకు చౌక అయింది.

కాబట్టి "ఎన్ని రోజులు" అని అడగొద్దు. "అరగంటలో కారులో ఎంతమంది ఉంటారు? మా ఇంటి నుంచి ఎక్కించుకునే సమయం ఆ అరగంటలోనే పోతుందా?" అని అడగండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సొంత కారు నడపడానికి ఇచ్చే శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అసలు బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. ఎవరు ఎన్ని గంటలు నడిపారో ఫారం 15 అనే రిజిస్టరులో స్కూలు వాళ్లు రాయాలి. ఆ రిజిస్టరు చూపించమని అడిగి, వాళ్ల ముఖం ఎలా ఉందో చూడండి. మీరు చెప్పిన 15 రోజులకు ఏడున్నర గంటలే వస్తాయి. 21 రోజులైతే పదిన్నర.

ఇంకో ముఖ్యమైన మాట. స్కూలు కారుకు డ్యూయల్ కంట్రోల్ తప్పనిసరి, అంటే ట్రైనర్ కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. అది మన ప్రాణానికి రక్షణే. కానీ మన క్లచ్ కూడా ఆయనే తొక్కేస్తుంటే మనకు తెలియదు. నాకు మొదటి స్కూల్లో ఒక్కరోజు కూడా ఇంజిన్ ఆగలేదు, బాగా వచ్చేసిందని సంబరపడ్డాను. మా కారు తీసిన రోజు వీధి మలుపు దాటేలోపు ఆరుసార్లు ఆగిపోయింది. వెనక ఆటోల హారన్లకు చేతులు వణికి, ఏడుపొచ్చింది. అందుకే పదో రోజు దాటాక "సార్, ఈ రోజు ప్రమాదం అనిపిస్తే తప్ప మీ కాళ్లు పెట్టొద్దు" అని స్పష్టంగా చెప్పండి. ఇంజిన్ ఆగితే ఆగనివ్వండి. హాఫ్ క్లచ్, అంటే క్లచ్ సగం వదిలాక బండి కదలడం మొదలయ్యే చోటు, ఎక్కడ ఉందో అప్పుడే మీ కాలికి తెలుస్తుంది.

ఎక్కడ తిప్పుతారో కూడా కనుక్కోండి. తెల్లారి ఐదున్నరకు ఇన్నర్ రింగ్ రోడ్డు మీద మూడో గేరులో నేరుగా పోవడం ఎవరికైనా వస్తుంది. మొదటి వారం అలా సరే. ఆ తర్వాత సాయంత్రం పూట బందరు రోడ్డు, వన్‌టౌన్ సందులు, మొగల్రాజపురం కొండ కింద ఎత్తు రోడ్లు చూపించాలి. ఎత్తులో ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం కనీసం రెండు మూడు రోజులు చేయించమనండి. నాకు రివర్స్ పార్కింగ్ నేర్పింది బ్రాడీపేట అడ్డరోడ్లలోనే. రెండు వైపులా బళ్లు పెట్టి ఉంటాయి, అంతకంటే మంచి బడి లేదు.

స్కూటీ అలవాటు ఉండటం మేలే, ట్రాఫిక్ అంటే భయం ఉండదు. ఒక్క చోట జాగ్రత్త. స్కూటీ పట్టే సందు చూసి మనసు దూరిపొమ్మంటుంది, కారుకు ఎడమవైపు ఒళ్లు ఉందని గుర్తుండదు. నా కారు ఎడమ అద్దం పోయింది అలాగే.

ఆడవాళ్లు నేర్పే చోటు దొరికితే మంచిదే. దొరకకపోయినా ఆగిపోవద్దు. మొదటి రెండు మూడు రోజులు ఇంట్లో ఒకరు వెనక సీట్లో కూర్చుంటారని చెప్పండి, కుదరదన్న చోట చేరొద్దు. రోజుకో ట్రైనర్ మారే చోటూ వద్దు. అన్నిటికంటే, ముందు ఒక్క క్లాసుకు డబ్బు ఇచ్చి చూసి, తర్వాత మిగతాది కట్టండి. తప్పు చేసినప్పుడు కసిరే మనిషి దగ్గర మన వయసులో నేర్చుకోలేం. నేర్పడం వచ్చిన మనిషి బండి పక్కకు ఆపించి, ఏం జరిగిందో చెప్పి, మళ్లీ చేయిస్తారు.

మరిది గారి సాయం వదులుకోవద్దు, కాకపోతే స్కూలు అయ్యాక. మీ కారులో ఆయన కాలి కింద బ్రేకు ఉండదు కదా, చేతికి అందేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే.

జవాబు (భవానీపురం, విజయవాడ)

పై మేడమ్ నేర్చుకోవడం గురించి అంతా చెప్పేశారు. నేను లైసెన్సు గురించి చెబుతాను.

"మేం చూసుకుంటాం" అంటే కాగితాలు, స్లాట్ బుకింగ్, టెస్టు రోజు కారు తీసుకురావడం. అంతవరకే అయితే తప్పు లేదు. టెస్టు లేకుండా ఇప్పిస్తామంటే నమ్మకండి. 2021లో వచ్చిన నిబంధనల్లో ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రత్యేక శిక్షణ కేంద్రాల్లో 29 గంటల కోర్సు పూర్తిచేసి, అక్కడ పాసైన వారికే ఆర్టీవో టెస్టు నుంచి మినహాయింపు ఉంది. మన వీధి చివరి డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్‌తో ఆ మినహాయింపు రాదు.

మీకు స్కూటీ లైసెన్సు ఉంటే కొత్తది అక్కర్లేదు, ఉన్నదానిలో కారు చేర్పించుకోవాలి. దానికీ ముందు కారుకు ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్సు, తీసుకోవాలి. 40 దాటారు కాబట్టి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ అనే ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. కేంద్ర నిబంధనల్లోని ఫీజులు: ఎల్ఎల్ఆర్‌కు 150, డ్రైవింగ్ టెస్టుకు 300, కారు చేర్చడానికి 500. మొత్తం 950, దానిపైన సర్వీసు చార్జీలు. మీ 7,500లో దీనికి ఒక వెయ్యి తీసేస్తే శిక్షణకు 6,500 మిగులుతుంది. పదిన్నర గంటలకు భాగిస్తే గంటకు దాదాపు 620. 15 రోజుల చోట 4,500కు ఏడున్నర గంటలు, గంటకు 600. అంటే రేటులో పెద్ద తేడా లేదు. అరగంట నిండుగా ఎవరిస్తారో చూసుకోండి. ఫీజులో ఏది దేనికో విడివిడిగా రాయించి రసీదు తీసుకోండి.

ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లొచ్చు, దాని గడువు ఆరు నెలలు. ముందు ఎల్ఎల్ఆర్ తీసుకున్నాకే స్కూల్లో చేరండి. అది లేకుండా రోడ్డెక్కితే లైసెన్సు లేకుండా నడిపినట్టే, జరిమానా 5,000. మరిది గారితో మీ కారులో వెళ్లినా ముందూ వెనకా తెలుపు మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి, ఆయనకు కారు లైసెన్సు ఉండి పక్క సీట్లోనే కూర్చోవాలి. టెస్టు పోతే కంగారు పడొద్దు, ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు.

ప్రశ్న అడిగినవారు (పటమట)

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండి. నిన్న రెండు చోట్లకూ మళ్లీ వెళ్లాను. 4,500 అన్నవాళ్లు కారులో ముగ్గురు ఉంటారని ఒప్పుకున్నారు. రెండోవాళ్లు రిజిస్టరు తీసి చూపించారు, ఒక్క క్లాసుకు విడిగా డబ్బు తీసుకోవడానికి కూడా సరే అన్నారు. రసీదులో లైసెన్సు ఖర్చులు వేరుగా రాస్తామన్నారు. ఎల్ఎల్ఆర్ చేతికి రాగానే అక్కడే చేరతాను. ఒక్కటే సందేహం. లైసెన్సు వచ్చాక గుంటూరుకు ఎప్పుడు బయల్దేరవచ్చు?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

ఓ నెల రోజులు ఊళ్లోనే తిరగండి. హైవే మీద స్టీరింగ్ పని తక్కువే, కానీ లారీల పక్కన వేగం నిలబెట్టుకోవడం, అద్దం చూసి లేన్ మారడం వేరే విద్య. మొదటిసారి ఆదివారం పొద్దున్నే మరిది గారిని పక్కన కూర్చోబెట్టుకుని వారధి దాటండి. దారిలో కాజ టోల్ గేటు దగ్గరికి వచ్చేముందే లేన్ చూసి పెట్టుకోండి, చివరి నిమిషంలో అడ్డంగా తిప్పొద్దు. ఆ రోజు అమ్మగారిని కారు ఎక్కించుకోకండి. వాళ్లింట్లో టిఫిన్ చేసి, ఎండ ముదరకముందే వెనక్కి వచ్చేయండి.