బాల్‌రూమ్, లాటిన్ నృత్యాలు: రుంబా లయ కుదరాలంటే ఏం చేయాలి?

బాల్‌రూమ్, లాటిన్ జంట నృత్యాలను కొత్తగా నేర్చుకుంటున్న నాకు అనుభవజ్ఞుల సలహా కావాలి. అంతర్జాతీయ పోటీల్లో ఈ రెండు విభాగాల్లోనూ ఐదేసి నృత్యాలుంటాయి. వాటిలో బాల్‌రూమ్ నుంచి వాల్ట్జ్‌ను, లాటిన్ నుంచి రుంబాను ఎంచుకుని రెండింటినీ కలిపి సాధన చేస్తున్నాను.

వాల్ట్జ్‌లోని మూడు దెబ్బల లయ త్వరగానే పట్టుబడింది. ఒకటో దెబ్బకు మడమ ఆనించి ముందుకు అడుగు వేసి, తర్వాతి రెండు దెబ్బల్లో మునివేళ్ల మీదికి లేచి, మూడో దెబ్బ చివర మెల్లగా కిందికి దిగడం నాకెంతో ఇష్టంగా ఉంది.

చిక్కంతా రుంబాతోనే. నాలుగు దెబ్బల ఆవర్తనంలో కదలిక రెండో దెబ్బకు మొదలవ్వాలి, కానీ నా కాలు ఒకటికే పడిపోతోంది. నడుమును విడిగా తిప్పకూడదనీ, బరువు మోపిన కాలి మోకాలు నిటారుగా అవుతున్నప్పుడు ఆ కదలిక దానంతటదే వస్తుందనీ తెలుసు. అయినా మోకాలి మీద దృష్టి పెడితే లెక్క తప్పుతోంది, లెక్క చూసుకుంటే మోకాలు వంగే ఉంటోంది.

అడుగులు వేయకుండా, నిలబడిన చోటే సంగీతానికి బరువు మార్చడం కొంతకాలం సాధన చేస్తే ఇది సర్దుకుంటుందా? లేక వాల్ట్జ్‌పై పట్టు వచ్చేదాకా రుంబాను పక్కన పెట్టడమే మంచిదా? జోడీ లేనప్పుడు ఒంటరిగా ఏయే అడుగులు సాధన చేయవచ్చో కూడా దయచేసి తెలియజేయగలరు.