సపోర్ట్ లేని ఉబుంటు మీద హోమ్ అసిస్టెంట్: ఉంచాలా, మార్చాలా?

సంపుమోటారు (అనంతపురం)
అన్నలకు నమస్తే. ఊళ్లో మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద ఉబుంటు 22.04 (ఒక లైనక్స్ ఓఎస్) వేసి, ఇంట్లోని లైట్లు, మోటార్లను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌ను సూపర్‌వైజ్డ్ పద్ధతిలో, అంటే మన ఓఎస్ మీదే యాడ్-ఆన్‌లతో (దానికి తోడుగా నడిచే ప్రోగ్రాములతో) సహా నడిచేలా పెట్టాను. రెండేళ్లుగా నడుస్తోంది. నేను బెంగళూరులో ఉంటాను, అమ్మానాన్న అక్కడ. సంపులోంచి మిద్దె మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు, వరండా లైట్లు, ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి అన్నీ దాని మీదే ఆధారం.

'ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సపోర్ట్ లేదు' అని మొదటి రోజు నుంచీ చూపిస్తూనే ఉంది. సూపర్‌వైజ్డ్‌కు హోమ్ అసిస్టెంట్ వాళ్లు ఒప్పుకున్నది డెబియన్ ఒక్కటే కదా. ఇప్పుడు అదీ లేదు. 2025 మేలో ముందే చెప్పి, డిసెంబరు రిలీజ్‌తో సూపర్‌వైజ్డ్, కోర్ (యాడ్-ఆన్‌లు లేకుండా నేరుగా వేసుకునేది) రెండు పద్ధతులకూ సపోర్ట్ ఆపేశారు. అదే ల్యాప్‌టాప్‌లో నాన్న అంగడి లెక్కలు, రెండు కెమెరాల రికార్డింగ్ కూడా ఉన్నాయి. మొత్తం తుడిచేసి వాళ్ల సొంత ఓఎస్ వేయడానికి మనసు రావడం లేదు. నడుస్తున్నదాన్ని కదిలించమంటారా?

బురుజు పక్కిల్లు (కర్నూలు)
కదిలించొద్దు. సపోర్ట్ లేదంటే పనిచేయదని కాదు. నువ్వు బగ్ రాస్తే వాళ్లు చూడరు, అంతే. 'అన్‌సపోర్టెడ్' వేరు, 'అన్‌హెల్దీ' వేరు. రెండోది వస్తే అప్‌డేట్లు ఆగిపోతాయి, అప్పుడు ఆలోచించాలి. పైగా ఉబుంటు 22.04కు సెక్యూరిటీ ప్యాచ్‌లు 2027 వరకు వస్తాయి. 2023లోనే మామూలు సపోర్ట్ అయిపోయిన 18.04 మీద నడుపుతున్నావంటే నేనే వద్దనేవాణ్ని. నా దగ్గర ఇదే పద్ధతి మూడేళ్లుగా ఉంది, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు.

కడప మిద్దె
అన్నా, నేనూ ఇట్లే అనుకున్నాను. పోయిన ఎండాకాలం జరిగింది చెబుతాను.

మాది కూడా ఉబుంటు, సూపర్‌వైజ్డ్. పొద్దున 6:15కు మోటారు ఆన్ అయ్యి, 20 నిమిషాలు ఆగి ఆఫ్ అయ్యేలా ఆటోమేషన్ రాసుకున్నాను. ఉబుంటులో సెక్యూరిటీ అప్‌డేట్లు తమంతట తామే పడేది కూడా పొద్దున 6, 7 మధ్యే. ఆ రోజు డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపేది) ప్యాకేజీ అప్‌డేట్ పడింది. కంటైనర్లన్నీ ఆగి మళ్లీ లేచాయి, హోమ్ అసిస్టెంట్ కూడా లేచింది. కానీ మధ్యలో ఉన్న ఆ 20 నిమిషాల లెక్క దానికి గుర్తులేదు. మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్, అదే రిలే, ఆన్‌లోనే ఉండిపోయింది. సంపు అడుగంటింది. మోటారు నీళ్లు లేకుండా తిరిగి తిరిగి, మెట్ల కింద కాలిన వాసన వస్తే అమ్మ వెళ్లి ఎంసీబీ దించింది. పంపు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. వైండింగ్ పోయింది. రీవైండింగ్‌కు ఇచ్చి, నాలుగు రోజులు బిందెలతో మిద్దెక్కించారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఆ నాలుగు రోజులూ నేను ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు.

బురుజు పక్కిల్లు (కర్నూలు)
బాధగానే ఉంది తమ్ముడూ. కానీ ఇది ఓఎస్ తప్పు కాదు. రీస్టార్ట్ అయితే ఆటోమేషన్‌లోని డిలే పోతుంది, ఎక్కడైనా అంతే. వాళ్ల ఓఎస్ మీద కరెంటు పోయి వచ్చినా ఇదే జరిగేది.

కడప మిద్దె
డిలే సంగతి ఒప్పుకుంటాను. అయితే రీస్టార్ట్ చేసిందెవరు? నేను కాదు. వాళ్ల ఓఎస్‌లో డాకర్ కూడా ఓఎస్‌తో కలిసే వస్తుంది, ఓఎస్ అప్‌డేట్ మనం నొక్కితేనే పడుతుంది. పైగా సిస్టమ్ రెండు భాగాలుగా ఉంటుంది. కొత్తది బూట్ కాకపోతే పాత భాగంతో లేస్తుంది. దూరాన ఉన్నవాడికి ఆ నిశ్చింత చిన్నది కాదు.

ప్రొద్దుటూరు వైరింగ్
ఇద్దరూ ఒక దారి వదిలేశారు. హోమ్ అసిస్టెంట్‌ను ఒక్క డాకర్ కంటైనర్‌గా నడిపే పద్ధతికి సపోర్ట్ ఇంకా ఉంది, డాకర్ నడిచే లైనక్స్ చాలు. ఉబుంటు ఉంటుంది, అంగడి లెక్కలు ఉంటాయి. పోయేవి యాడ్-ఆన్‌లు. మస్కిటో (డివైస్‌ల మధ్య సందేశాలు అందించేది) లాంటివి విడి కంటైనర్లుగా పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్ 64 బిట్‌దేనా చూసుకో తమ్ముడూ, 32 బిట్‌కు కూడా అదే డిసెంబరులో సపోర్ట్ తీసేశారు.

మార్చేటప్పుడు పాతదాన్ని పూర్తిగా ఆపి, యూఎస్ఆర్‌లో షేర్, అందులో హాస్ఐఓ, దాని కింద ఉన్న హోమ్ అసిస్టెంట్ ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్యి. అందులో చుక్కతో మొదలయ్యే 'స్టోరేజ్' ఫోల్డర్ పైకి కనిపించదు. అది రాకపోతే లాగిన్లు, డివైస్‌లు అన్నీ మొదటికొస్తాయి. నేను తొలిసారి దాన్ని వదిలేసి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. జిగ్‌బీ డాంగిల్ (వైర్‌లెస్ డివైస్‌లతో మాట్లాడే యూఎస్‌బీ పుల్ల) ఉంటే దాన్ని 'టీటీవై యూఎస్‌బీ సున్నా' అనే పేరుతో ఇవ్వొద్దు, కరెంటు పోయి వస్తే ఆ నంబరు మారొచ్చు. 'బై ఐడీ' కింద ఉన్న పొడుగు పేరు ఇవ్వు.

అన్నిటికన్నా ముందు మోటారు. ఏ ఓఎస్ అయినా సరే, ఆపే పని ఒక్క ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ చేతిలోనే పెట్టకండి. రిలేలో టాస్మోటా (రిలే లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) ఉంటే, దాని టైమర్ పల్స్‌టైమ్ 1300 పెడితే, అందులో 100 తీసేసి 1200 సెకన్లకు, అంటే సరిగ్గా 20 నిమిషాలకు అదే ఆఫ్ చేస్తుంది. ల్యాప్‌టాప్ కాలిపోయినా సరే. రిలేతో నేరుగా మోటారు నడపకుండా మధ్యలో కాంటాక్టర్ (మోటారు లోడ్ మోసే పెద్ద స్విచ్) వేయించండి. సంపులో నీళ్లు లేకపోతే ఆపే డ్రై రన్ ప్రొటెక్షన్ కూడా మీ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి.

బురుజు పక్కిల్లు (కర్నూలు)
మోటారు మాట నూటికి నూరు పాళ్లు నిజం, నేనూ ఈ రోజే పెడతాను. కానీ కంటైనర్ అందరికీ కాదు. యాడ్-ఆన్ అయితే ఒక్క బటన్‌తో అప్‌డేట్ అవుతుంది. విడి కంటైనర్లను ఎవరు చూస్తారు? నాకు ఓపిక ఉన్నన్నాళ్లు నా పాతదే నడుపుతాను.

సంపుమోటారు (అనంతపురం)
అందరికీ థ్యాంక్స్. కడప అన్న రాసింది చదివి రాత్రే అమ్మకు ఫోన్ చేశాను. ఎంసీబీ ఎక్కడుందో అడిగితే తెలియదంది. రెండేళ్లలో నేను చూపించనే లేదు.

మాది 64 బిట్టే. శనివారం ఊరికి వెళ్తున్నాను. మొదట రిలేలో టైమర్, తర్వాత కాంటాక్టర్. అవి అయ్యాకే ఫోల్డర్ కాపీ చేసి కంటైనర్‌కు మారుస్తాను. పాతది నెల రోజులు ఆపి ఉంచుతాను, తుడిచేయను. ప్రొద్దుటూరు అన్నా, మా రిలేలో టాస్మోటా లేదు, కంపెనీ యాప్‌తో వచ్చింది. దానికి సొంత టైమర్ పెట్టుకునే వీలుందా, లేక రిలేనే మార్చాలా? ఎల్లుండిలోపు చెప్తే కొనుక్కుని పోతాను.