ప్లేస్‌మెంట్ ఆఫీసుకు ప్రైవసీ పాలసీ: నెట్‌లో దొరికింది పేరు మార్చి పెట్టేయొచ్చా?

బ్రాడీపేట_ప్లేస్‌మెంట్స్:
గుంటూరు బ్రాడీపేటలో మాది నలుగురు స్టాఫ్ ఉన్న చిన్న ఆఫీసు. మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు అకౌంటెంట్లను, విజయవాడ ఆస్పత్రులకు నర్సులను, ల్యాబ్ టెక్నీషియన్లను పంపుతాం. రెజ్యూమెలు ఎక్కువగా వాట్సాప్‌లోనే వస్తాయి. ఆధార్, పాన్ జిరాక్సులు తీసుకుని స్కాన్ చేసి డ్రైవ్‌లో పెడతాం. ఒక క్లయింట్ అగ్రిమెంట్ రెన్యువల్‌కు ముందు మా ప్రైవసీ పాలసీ పంపమంటున్నారు. కొత్త డేటా చట్టం ఇంత చిన్న ఆఫీసుకు కూడా వర్తిస్తుందా? పాలసీలో ఏం రాయాలి?

కంప్లయన్స్_బెజవాడ:
వర్తిస్తుందండీ. నలుగురున్నా నాలుగొందల మందున్నా తేడా లేదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. మనలాంటి వాళ్ల మీద పడే ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అలాగని అప్పటిదాకా కూర్చోవడానికి లేదు. ఐటీ చట్టం 43ఏ సెక్షన్ కింద వ్యక్తిగత వివరాల భద్రత కోసం వచ్చిన 2011 రూల్స్ ఈలోపు నడుస్తూనే ఉంటాయి. సొంత ప్రొప్రయిటర్‌షిప్ అయినా సరే, ఏ వివరాలు తీసుకుంటున్నారు, ఎందుకు, ఎవరికి ఇస్తారు, ఎలా భద్రపరుస్తారు అన్నవి పాలసీగా వెబ్‌సైట్‌లో ఉండాలి. ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోను కూడా పెట్టాలి. ఫిర్యాదు నెలలోపు తేలాలి.

వేరేవాళ్ల పాలసీ కాపీ చేస్తే ఇక్కడే దొరికిపోతారు. అందులో ‘మీ వివరాలు మూడో వ్యక్తికి ఇవ్వం’ అని ఉంటుంది. రెజ్యూమెను మూడో వ్యక్తికి ఇవ్వడమే మీ వ్యాపారం! ‘ఉద్యోగం కోసం ఫలానా రకం సంస్థలకు పంపుతాం’ అని సూటిగా రాయండి.

ఇంకోటి. ఉద్యోగానికి సంబంధించిన పనులకు సమ్మతి అక్కర్లేదని చట్టం 7వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. అది యజమానికీ ఉద్యోగికీ మధ్య మాట. ఏజెన్సీలు దాన్ని నమ్ముకోకూడదు, సమ్మతి తీసుకోండి. తీసుకున్నట్టు రుజువు చూపాల్సింది కూడా మీరే.

డేటా_గుమాస్తా:
పాలసీ రాసే ముందు ఒక్క రెజ్యూమె పట్టుకుని దాని వెంట నడవండి. అభ్యర్థి అరండల్‌పేటలో జిరాక్స్ షాపుకు వెళ్లి అక్కడి నుంచి మెయిల్ చేస్తాడు. మీ టెలికాలర్ ఫోనుకు వాట్సాప్‌లో ఇంకో కాపీ వస్తుంది, అది గ్యాలరీలోకి, అక్కడి నుంచి ఆవిడ సొంత గూగుల్ ఫోటోస్ బ్యాకప్‌లోకి పోతుంది. ఆవిడ ఉద్యోగం మానేసినా ఆ ఆధార్ ఫోటోలు ఆవిడ దగ్గరే ఉంటాయి. కాబట్టి ఆఫీసు సిమ్, ఆఫీసు ఫోను పెట్టండి. వాట్సాప్ సెట్టింగుల్లో మీడియా విజిబిలిటీ ఆపండి. డ్రైవ్ ఫోల్డరు ‘లింక్ ఉన్న ఎవరైనా’ అని ఉందేమో ఈరోజే చూడండి. చాలా ఆఫీసుల్లో అలాగే ఉంటుంది.

రిసెప్షన్ బల్ల మీది వాకిన్ రిజిస్టరు కూడా చూడండి. పదో వరసలో సంతకం పెట్టే అమ్మాయి పేరు, ఫోన్ నంబరు పదకొండో వరసలో రాసే ప్రతి మగాడికీ కనిపిస్తాయి. కాగితం మీదే ఉండిపోయిన వివరాలకు 2023 చట్టం వర్తించదు, కంప్యూటర్‌లోకి ఎక్కించాకే వర్తిస్తుంది. అయినా ఆ అమ్మాయికి అర్ధరాత్రి ఫోన్లు వస్తే బాధ్యత మనదే కదా. మనిషికో చీటీ ఇచ్చి డబ్బాలో వేయించుకోండి.

ఆధార్ మొదటి రోజు అడగొద్దు. రెజ్యూమె, ఫోను, చదువు, అనుభవం చాలు. పాన్, బ్యాంకు ఖాతా సెలెక్ట్ అయ్యాక నేరుగా క్లయింటే తీసుకుంటాడు. గుర్తింపు చూడాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ అడగండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. క్లయింటుకు పంపే ప్రొఫైల్లోంచి ఇంటి అడ్రసు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, కులం, ఫోను తీసేసి ఒక కోడ్ నంబరు వేయండి. ఇంటర్వ్యూ ఖాయమయ్యాక ఫోను ఇవ్వండి.

కంప్లయన్స్_బెజవాడ:
సమ్మతి చీటీకి నమూనా ఇస్తున్నా, మీకు తగ్గట్టు మార్చుకోండి:

‘నా రెజ్యూమె, ఫోన్ నంబరు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం కోసం గుంటూరు, కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల ఆస్పత్రులకు పంపడానికి ఒప్పుకుంటున్నాను. 12 నెలల తర్వాత తీసేయాలి. ముందే వద్దనుకుంటే ఇదే వాట్సాప్ నంబరుకు ఆపండి అని పంపుతాను.’

కింద ఫిర్యాదు ఎవరికి చేయాలో, ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే డేటా రక్షణ బోర్డుకు ఎలా వెళ్లాలో రాయండి. ముందే టిక్ పెట్టి ఉన్న డబ్బా చెల్లదు. నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి, కాబట్టి తెలుగు కాపీ తప్పనిసరిగా చేయించండి. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలిక కావాలి. ఒక మెసేజ్‌తో తీసుకుని, ఆపడానికి మాత్రం ఆఫీసుకు రమ్మంటే కుదరదు.

లీకైతే రెండు గడియారాలు నడుస్తాయి. ఫోల్డరు హ్యాక్ అయిందనుకోండి, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో చెప్పాలి, ఇది 2022 నుంచే ఉంది. కొత్త రూల్స్ అమలయ్యాక బోర్డుకూ అభ్యర్థులకూ ఆలస్యం లేకుండా చెప్పి, బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి. సరైన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

బ్రాడీపేట_ప్లేస్‌మెంట్స్:
చాలా థ్యాంక్సండీ. మూడేళ్ల నుంచి పేరుకున్న పాత రెజ్యూమెల సంగతేంటి? అందరినీ మళ్లీ అడగాలా?

డేటా_గుమాస్తా:
ఇదివరకు సమ్మతి ఇచ్చిన వాళ్లకు చట్టం అమల్లోకి వచ్చాక వీలైనంత త్వరగా నోటీసు పంపితే చాలు. వాళ్లు వద్దనేదాకా వాడుకోవచ్చు. ఏ సమ్మతీ లేకుండా ఎక్కడెక్కడి గ్రూపుల నుంచో పోగైనవి తీసేయండి, వాటికి ఆధారం చూపలేరు. ఉద్యోగం వచ్చిన వాళ్ల విషయంలో ఇన్వాయిసు ఉంచాలి, జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కాబట్టి. ఆ ఇన్వాయిసుకు పిన్ కొట్టి ఉన్న ఆధార్ జిరాక్సును మాత్రం చించేయండి, స్కాన్ కాపీని డ్రైవ్ ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. ట్రాష్‌లో అది ఇంకో 30 రోజులు ఉంటుంది.