ఆర్మీ అంటున్నడు, బండి పార్సిల్‌లో పంపిస్తా అంటున్నడు, నమ్మొచ్చా?

హన్మకొండ_అన్న:
అందరికీ నమస్తే. మా చెల్లి బీటెక్‌లో చేరింది, కాలేజీకి పోయి రావడానికి సెకండ్ హ్యాండ్ యాక్టివా చూస్తున్న. యాడ్స్ యాప్‌లో 2021 మోడల్ ఒకటి 24 వేలకు పెట్టిండ్రు, ఇక్కడ కన్సల్టెన్సీలో అడిగితే అదే మోడల్ 50 పైనే చెప్తున్నరు. అమ్మేటాయన ఆర్మీ అంట, సికింద్రాబాద్ నుంచి జమ్మూకి ట్రాన్స్‌ఫర్ అయింది అందుకే తక్కువకు ఇచ్చేస్తున్న అంటున్నడు. వచ్చి చూస్తా అంటే కంటోన్మెంట్ లోపలికి బయటోళ్లను రానియ్యరు, ఆర్మీ పార్సిల్‌లో ఇంటికే పంపిస్తా, ముందు 3,150 కొట్టు, మిగతాది బండి చేతికొచ్చినంక ఇయ్యి అంటున్నడు. ఐడీ కార్డు, ఆధార్, క్యాంటీన్ కార్డు, ఆర్‌సీ అన్నీ వాట్సాప్‌లో పెట్టిండు. మూడు వేలే కదా పంపు అని నాన్న అంటున్నడు. నేనింకా పంపలే. ఏం చేయమంటరు?

గుంటూరు_బుల్లెట్:
పంపొద్దు తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా పంపొద్దు. మా పెదనాన్న గారి అబ్బాయికి అచ్చం ఇదే జరిగింది. పార్సిల్ చార్జీ కట్టగానే బండికి ఫోమ్ చుట్టి లారీ ఎక్కించిన ఫొటో వచ్చింది, రౌండు సీలు కొట్టిన బిల్లు కూడా వచ్చింది, చూస్తే ఎవడైనా నమ్మేస్తాడు. మర్నాడు ఇంకొకడు డెలివరీ వాణ్ణి అని హిందీలో ఫోన్ చేసి, మీ ఊరి టోల్‌గేట్ దగ్గరే ఉన్నా, గేట్‌పాస్‌కి డబ్బులు కట్టాలి, బండి దించాక తిరిగొచ్చేస్తాయి అన్నాడు. అవి కడితే జీఎస్టీ అన్నాడు, అదీ కడితే లేటయింది ఫైన్ అన్నాడు. కట్టిన డబ్బులు పోతాయేమో అన్న భయంతోనే మనిషి మళ్లీ కడతాడు, వాళ్లు ఆడుకునేది ఆ భయంతోనే. చివరికి బండి ఖరీదు కంటే ఎక్కువే పోయింది, బండి మాత్రం రాలేదు. ఇక ఐడీ కార్డు, ఆధార్ అంటావా, అవి వేరే వాళ్ల దగ్గర కొట్టేసినవో ఎడిట్ చేసినవో అయి ఉంటాయి. నిజమైన జవాన్ల కార్డులు కూడా ఇలా తిరుగుతున్నాయి, పాపం వాళ్లకి తెలియను కూడా తెలియదు.

పార్సిల్_ఆఫీస్:
ఒక మాట నేను కూడా చెప్తాను. బండిని నిజంగా ఊరు దాటించాలంటే రైల్వే పార్సిల్ ఉంది. ఆర్‌సీ జిరాక్స్, ఐడీ ప్రూఫ్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాలి, ట్యాంకులో పెట్రోల్ మొత్తం తీసేయాలి, గోనెపట్టా చుట్టి కుట్టించాలి, డబ్బులు కౌంటర్‌లో కట్టి రసీదు తీసుకోవాలి. ఇదంతా పంపేవాడి పని. కొనేవాడి ఫోన్‌పేకి క్యూఆర్ కోడ్ పంపి పార్సిల్ చార్జీ వసూలు చేయడం అనేది అక్కడ ఉండదు. మీవాడు సికింద్రాబాద్‌లోనే ఉంటే మీకు రెండు మూడు గంటల దారి, కంటోన్మెంట్ లోపలికి రానివ్వకపోతే బండేసుకుని తనే బయట రోడ్డు మీదికి రావచ్చుగా, ఆ మాట అడిగి చూడండి.

ఖమ్మం_అక్క:
తమ్ముడూ ముందు ఆ బండి నంబర్ ఎంపరివాహన్‌లో కొట్టు, బండ్ల వివరాలు చూపించే గవర్నమెంట్ యాప్ అది. ఓనర్ పేరులో కొన్ని అక్షరాలు దాచేసి చూపిస్తది కానీ మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా అన్నీ వస్తయి. ఫొటోలు గూగుల్ లెన్స్‌లో వేసి చూడు, వేరే ఊళ్ల యాడ్‌లలో అవే ఫొటోలు దొరికినా దొరుకుతయి. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు కూడా ఇది చదువుతుంటే, ఆ ఫోన్‌లో *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్ వస్తది, ఇంగ్లీషులో KYM అని టైప్ చేసి స్పేస్ ఇచ్చి ఆ నంబర్ కొట్టి 14422కి మెసేజ్ పెట్టండి, బ్లాక్ అయిన ఫోనా కాదా తెలుస్తది. ఇప్పటికే డబ్బులు పంపినోళ్లు ఎవరన్నా ఉంటే సిగ్గుపడి కూసోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. వాడు డ్రా చేసేలోపు అయితే ఆ అకౌంట్‌లో డబ్బు ఆపే అవకాశం ఉంటది, ఆలస్యం చేస్తే చేతులు మారిపోతది. 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్, పంపిన టైమ్, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, కోపంలో వాణ్ణి బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేయకండి.

హన్మకొండ_అన్న:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నలూ. నంబర్ కొడితే యాక్టివా కాదు, ఏదో పల్సర్ వచ్చింది. బండితో బయటికి రా, నేనే సికింద్రాబాద్ వస్తా అంటే దేశం కోసం పనిచేసేటోళ్లనే అనుమానిస్తవా అని నా మీదికే లేచిండు. నాన్నకు చాట్ మొత్తం చూపించిన. ఇప్పుడు కాజీపేటలో ఒకాయన దగ్గర ఇంకో యాక్టివా ఉంది, ఆదివారం మెకానిక్‌ను తీసుకుని పోతున్న, బయానా 2 వేలు ఇస్తేనే వేరేవాళ్లకు చూపియ్య అంటున్నడు, ఇయ్యొచ్చా?

గుంటూరు_బుల్లెట్:
వెళ్లి బండి స్టార్ట్ చేసి, చాసిస్ నంబర్ ఆర్‌సీలో ఉన్నదానితో కలిపి చూశాక అక్కడికక్కడే ఇవ్వు, ఇంట్లో కూర్చుని పంపకు. మిగతా డబ్బు, బండి నీ పేరు మీదికి మార్చే ఫామ్ 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని తాళాలు, ఒరిజినల్ ఆర్‌సీ చేతికి తీసుకునేటప్పుడే. ఫైనాన్స్ ఉంటే లోన్ తీరిపోయిందని చూపించే ఫామ్ 35, బ్యాంక్ ఎన్‌ఓసీ కూడా అడుగు. పెండింగ్ చలాన్లు ఆయనతోనే కట్టించు. ఆ ఆర్మీ వాడి నంబర్ గవర్నమెంట్ సైట్ సంచార్ సాథీలో, మోసపు కాల్స్ మీద ఫిర్యాదు చేసే చక్షు కింద రిపోర్ట్ కొట్టు, యాడ్ కూడా రిపోర్ట్ చెయ్యి, ఇంకొకళ్ల నాన్న మూడు వేలే కదా అనకముందే.