జులై 20 గడిలో అపోలో-11 ఉండాలా, 21లోనా?

పాలపుంత: బడి గోడకి వేసే సైన్సు క్యాలెండర్ సిద్ధమవుతోంది. జులై 20 గడిలో రెండు పెట్టాం: 1969లో అపోలో-11 చంద్రుడి మీద, 1976లో వైకింగ్-1 అంగారకుడి మీద దిగడం. మన టైములో అపోలో 21కి పోతుందని ఒకరు పట్టుబట్టారు. ఏం చేద్దాం?

ఐదున్నర: పట్టుబట్టింది నేనే. అపోలో-11లో చంద్రుడి మీద దిగిన భాగం ఈగిల్. అది దిగింది యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) 20:17కి. ఐదున్నర గంటలు కలపండి, మనకి 21 తెల్లవారుజాము 1:47. వైకింగ్ దిగింది 11:53కి, మనకి 20 సాయంత్రం 5:23. యూటీసీ 18:30 దాటితే మనకి మర్నాడే. ఈ రెండూ ఒకే గడిలో ఎలా పడతాయి?

ధ్రువతార: అలాగైతే దేశానికో చరిత్ర రాసుకోవాలి. యూటీసీ తేదీ వేసి ఊరుకోండి.

ఐదున్నర: యూటీసీతోనే అసలు చిక్కు. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టింది యూటీసీ 02:56కి, అప్పటికి 21 వచ్చేసింది. దిగింది ఒకరోజు, అడుగుపెట్టింది ఇంకోరోజు అని రాస్తారా? ఆ యాత్రని నడిపించిన అమెరికా నగరం హ్యూస్టన్ గడియారంలో మధ్యాహ్నం 3:17, రాత్రి 9:56, రెండూ 20నే. మన గడియారంలో రెండూ 21న.

చుక్కలరేడు: వైకింగ్ 11:53 అక్కడ దిగిన క్షణం. సిగ్నల్ భూమికి చేరింది 12:12కి. ఏది వేస్తారు?

ధ్రువతార: ఏది వేసినా తేదీ మారదు, వదిలేయండి. చేత్తో టైము మారిస్తేనే తప్పులొస్తాయి. 1981 ఏప్రిల్ 12న కొలంబియా షటిల్ (అమెరికా వ్యోమనౌక) ఫ్లోరిడా నుంచి ఉదయం 7:00కి లేచింది. ఏప్రిల్ కదా, అమెరికాలో వేసవి సమయం (గడియారం గంట ముందుకు జరపడం) ఉంటుందని యూటీసీ కోసం నాలుగు గంటలు కలిపితే 11:00 వస్తుంది. తప్పు. అప్పట్లో వేసవి సమయం ఏప్రిల్ చివరి ఆదివారం మొదలయ్యేది. ఐదు కలపాలి, 12:00. అందుకే యూటీసీ అంటున్నా.

ఐదున్నర: ఫైల్లో దాచుకునేది యూటీసీ, అచ్చు వేసేది మన తేదీ. రెంటినీ కలిపేసి నా మీద పడకండి. మీ బాధ తేదీ గురించి కాదు, ఒకే గడిలో పడ్డ రెండు సంఘటనల జంట విడిపోతుందని!

ధ్రువతార: అవును, జంటే కావాలి! అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి గగారిన్ లేచింది 1961 ఏప్రిల్ 12న, కొలంబియా సరిగ్గా 20 ఏళ్లకి అదే రోజున. పిల్లలకి గుర్తుండిపోయేది అదే.

ఐదున్నర: ఇదీ అసలు గొడవ. ఆ 12 ఎవరూ ఎంచుకున్నది కాదు. కొలంబియా లేవాల్సింది 10న. నాలుగు ప్రధాన కంప్యూటర్లు, అవి చేతులెత్తేస్తే ఆదుకోడానికి వేరే సాఫ్ట్‌వేర్‌తో ఐదోది. ఆన్ చేసినప్పుడు టైము లెక్కలో 40 మిల్లీసెకన్ల తేడా పడి, ఐదోది ఆ నాలుగింటితో జతకలవలేదు. 67 సార్లు ఆన్ చేస్తే ఒకసారి తగిలే లోపం, ఆరోజే తగిలింది. కారణం పట్టుకున్నాక మళ్లీ మొదటినుంచి ఆన్ చేస్తే సరిపోయింది. వైకింగ్ సంగతీ అంతే. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండే జులై 4న దిగాలి. కక్ష్యలోంచి తీసిన ఫొటోల్లో ఎంచుకున్న చోటు ఎగుడుదిగుడుగా కనబడి వేరే చోటు వెతికారు. ఇవేవీ రాయకుండా జంటలు మాత్రం వేస్తే, ముహూర్తం చూసి పంపారనుకుంటారు పిల్లలు.

ధ్రువతార: గడి రెండంగుళాలు. అందులో ఇదంతా ఎక్కడ పడుతుంది?

పాలపుంత: గడిలో అక్కడి తేదీ, దాని కింద చిన్నక్షరాల్లో "మనకి 21, తెల్లవారుజాము 1:47". వాయిదా ఎందుకు పడిందో పేజీ అడుగున రెండు వరుసలు. ఏప్రిల్‌కి ఎవరు రాస్తారు?

ఐదున్నర: ఏప్రిల్ నేను రాస్తా. జులైలో మాత్రం ఆ 21 చిన్నక్షరాల్లో వేస్తే ఒప్పుకోను.