ప్రమాద నివేదికలో ‘మానవ తప్పిదం’ అని ఉంటే దాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న: ఏటవాలు రెక్క

విమాన ప్రమాదాల గురించి ఏది తెరిచినా "70–80 శాతం మానవ తప్పిదమే" అన్న మాట కనిపిస్తుంది. పైలట్ పొరపాటు చేశాడనగానే వార్త కూడా అక్కడితో ఆగిపోతుంది. నావి రెండు సందేహాలు. ఈ తప్పిదాలన్నీ ఒకే రకమా, లేక దర్యాప్తు చేసేవాళ్లు వాటిని విడదీసి చూస్తారా? తప్పు చేసేది మనిషే అయినప్పుడు శిక్షణ పెంచడమో, పనిని ఆటోపైలట్‌కి అప్పగించడమో చేస్తే సరిపోదా?

జవాబు: గేర్ లివర్

విడదీసే చూస్తారండి. రకం తెలియకుండా మందు వేస్తే పనిచేయదు.

చెయ్యి జారడం ఒక రకం. చేయాలనుకున్నది సరైనదే, చెయ్యి మాత్రం వేరేచోట పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బి-17 బాంబర్ నేల మీద దిగాక పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లో చూస్తే ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. పరిష్కారంగా ఒకదానికి చిన్న చక్రం, ఇంకోదానికి ఫ్లాప్ ఆకారపు ముక్క తగిలించారు. చీకట్లోనైనా వేళ్లకే తేడా తెలుస్తుంది. ఈనాటికీ ప్రయాణికుల విమానాల్లో గేర్ లివర్ పిడి చక్రం ఆకారంలోనే ఉంటుంది, నిబంధనే అలా ఉంది.

రెండోది మరుపు. 1987 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ 255 విమానం ఫ్లాప్స్, స్లాట్స్ (రెక్కల ముందు అంచు పలకలు) దించకుండానే టేకాఫ్ పరుగు తీసింది. నేల మీద ఇద్దరితో కలిపి 156 మంది పోయారు. రన్‌వే మారింది, ట్యాక్సీ (రన్‌వే దాకా నేల మీద నడిచే) దారిలో ఒక మలుపు తప్పింది, ఆ హడావిడిలో ట్యాక్సీ చెక్‌లిస్ట్ చదవనే లేదు. అలాంటప్పుడు మోగాల్సిన హెచ్చరికకు కరెంటు అందలేదు. మరుపు ఎక్కువగా పని మధ్యలో తెగినచోటే పుడుతుంది. అందుకే చెక్‌లిస్ట్ మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆగిన అంశం నుంచి కాకుండా మళ్లీ మొదటి నుంచి చదవడం మంచి పద్ధతి.

మూడోది లెక్క తప్పడం. చేసిన పని మనసులో అనుకున్నట్టే జరుగుతుంది, అనుకోవడమే తప్పు. 1983లో ఎయిర్ కెనడా 767 (తర్వాత గిమ్లీ గ్లైడర్ అన్నారు) ఉదాహరణ చూడండి. ఇంధన గేజ్‌లు పనిచేయడం లేదు కాబట్టి ట్యాంకులో కడ్డీతో కొలిచారు: 7,682 లీటర్లు. కావలసింది 22,300 కిలోలు. లీటరుకు సుమారు 0.8 కిలో అని లెక్కకట్టాల్సింది పోయి 1.77తో గుణించారు. 1.77 అనేది లీటరుకు పౌండ్ల లెక్క. దాంతో ట్యాంకులో 13,597 "కిలోలు" ఉన్నట్టు తేలింది, ఇంకా 4,916 లీటర్లు చాలనుకున్నారు. నిజానికి బయలుదేరినప్పుడు ఉన్నది 10,100 కిలోల చిల్లర, అంటే సగం కన్నా తక్కువ. 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. విమానంలో ఉన్న 69 మందీ బతికారు. లెక్కను ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు సరిచూశారు. అందరూ అదే 1.77తో చూశారు! ఒకే తప్పు అంకెతో ఎన్నిసార్లు సరిచూసినా తప్పు దొరకదు.

నాలుగోది తెలిసి నిబంధన దాటడం. దీని గురించి కింద ఎవరైనా చెబుతారేమో.

జవాబు: హ్యాంగర్ రాత్రి షిఫ్టు

చెబుతాను. తెలిసి దాటినవాళ్లందరూ బాధ్యత లేనివాళ్లని అనుకుంటే చాలా విషయాలు అర్థం కావు.

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 సుమారు 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ఎదుటి అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగేయబడ్డాడు, సిబ్బంది కాళ్లు పట్టుకున్నారు, కో-పైలట్ విమానాన్ని దించాడు. అందరూ బతికారు. ఆ అద్దానికి 90 బోల్టులు. అందులో 84 సన్నవి, వ్యాసంలో తేడా అంగుళంలో 0.026 వంతు మాత్రమే. మిగతా ఆరు లావు సరిపోయినా పొడవు తక్కువ.

బిగించింది షిఫ్టు మేనేజరే. మనుషులు తక్కువ, సమయం తెల్లవారుజాము. పాత బోల్టు చేత్తో పట్టుకుని, వెలుతురు సరిగా లేని స్టోర్స్ డబ్బాల్లో దానిలాంటిది కంటితో వెతికాడు. పార్టుల కేటలాగ్ తెరవలేదు. ఇంకో విషయం, ఊడదీసిన పాత బోల్టులే నిర్దేశించినవి కావు, పొడవు తక్కువవి. వాటితోనే అద్దం అన్నాళ్లూ నిలబడింది కాబట్టి వాటినే నమూనాగా తీసుకున్నాడు. బిగిస్తున్నప్పుడు మర జారుతుంటే వచ్చిన కదలికను టార్క్ స్క్రూడ్రైవర్ "చాలు" అని చెప్పే టిక్కుగా అనుకున్నాడు. ఆ అద్దం బయటి నుంచి బిగించేది కాబట్టి లోపలి ఒత్తిడి దాన్ని బయటికే తోస్తుంది, భారమంతా బోల్టుల మీదే. అయినా రెండో మనిషి తనిఖీ తప్పనిసరి అయిన పనుల జాబితాలో అది లేదు. నా దృష్టిలో పెద్ద లోపం ఇదే.

ఏటవాలు రెక్క

ఇద్దరికీ ధన్యవాదాలండి. బోల్టుల విషయం ఇప్పటిదాకా తెలియదు. అయితే కాక్‌పిట్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా, ఒకరి తప్పు ఇంకొకరికి ఎందుకు కనబడదు? ఆటోపైలట్ సంగతి కూడా చెప్పండి.

జవాబు: కుడి సీటు

చాలాసార్లు కనబడుతుంది. నోట్లోంచి గట్టిగా రాదు.

1978 డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం చక్రాలు దిగాయని చూపే దీపం వెలగలేదని సుమారు గంటసేపు చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది పోయారు. ఇంధనం తరిగిపోతోందన్న మాట కాక్‌పిట్‌లో వచ్చింది, కానీ అది కెప్టెన్ ఆగి వినేలా రాలేదు. అంతకు ముందు ఏడాది టెనెరిఫేలో (1977 మార్చి 27, 583 మంది మృతి) పాన్ ఆమ్ విమానం రన్‌వే మీది నుంచి తప్పుకోలేదేమో అని కేఎల్ఎం ఫ్లయిట్ ఇంజినీర్ అడిగాడు. అడిగింది ప్రశ్నగా. కెప్టెన్ తప్పుకుందన్నట్టు బదులిచ్చాడు, మాట అక్కడితో అయిపోయింది.

ఈ రెండిటి తర్వాత సీఆర్ఎం (కాక్‌పిట్ సిబ్బంది కలిసి పనిచేసే తీరు) శిక్షణ వచ్చింది. అందులో నేర్పే మెట్లు ఇలా ఉంటాయి: ముందు అడుగు ("ఇంధనం ఎంత ఉందండి?"), వినకపోతే ప్రమాదం ఏమిటో చెప్పు ("పదిహేను నిమిషాలకే ఉంది"), అయినా కదలకపోతే చేయాల్సింది సూటిగా చెప్పు ("ఇప్పుడే దిగాలి"), చివరికి కంట్రోల్స్ తీసుకో. మొదటి మెట్టు మీదే ఆగిపోవడం వల్ల పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు. టెనెరిఫే తర్వాత మాటల్ని కూడా దిద్దారు. ఇప్పుడు ‘టేకాఫ్’ అనే పదం అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో వాడరు, మిగతా చోట్ల ‘డిపార్చర్’ అంటారు.

ఇక ఆటోపైలట్ తప్పిదాన్ని తీసేయదు, దాని చోటు మారుస్తుంది. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగం కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు పేరుకుని వేగం అంకెలు చెడిపోయాయి, ఆటోపైలట్ తప్పుకుంది. రాత్రివేళ, అంత ఎత్తులో, చేత్తో నడపడం అరుదుగా చేసే మనిషి చేతిలోకి విమానం ఒక్కసారిగా వచ్చిపడింది. ముక్కు పైకి లాగారు, స్టాల్ అయింది (రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయి). వేగం 60 నాట్ల కన్నా తక్కువకు పడిపోతే కంప్యూటర్ ఆ కొలతల్ని చెల్లనివిగా చూస్తుంది, అప్పుడు స్టాల్ హెచ్చరిక ఆగిపోతుంది. అంటే ముక్కు దించితే (సరైన పని) హెచ్చరిక మళ్లీ మోగుతుంది, లాగితే ఆగుతుంది! 228 మంది పోయారు. పిటాట్ లోపం ఉన్నది నిమిషం కన్నా తక్కువసేపే.

జవాబు: గేర్ లివర్

ఆ 70–80 శాతం మాట గురించి ఒక్కటి చెప్పాలి. చివరి పని ఎవరు చేశారన్నదే లెక్కపెడితే అంకె అలాగే వస్తుంది. హెచ్చరిక అలా ఆగేలా రాసినవాళ్లూ, తనిఖీ జాబితాలో అద్దాన్ని చేర్చనివాళ్లూ మనుషులేగా. వాళ్లను కలుపుకుంటే శాతానికి అర్థమే ఉండదు.

చదివే పద్ధతి అడిగారు కాబట్టి: అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలోని అనుబంధం 13 ప్రకారం నివేదికలో నాలుగు భాగాలుంటాయి. ఒకటి వాస్తవాలు, రెండు విశ్లేషణ, మూడు నిర్ధారణలు, నాలుగు భద్రతా సిఫార్సులు. చాలామంది నేరుగా మూడోదానికి పోతారు. మీరు ముందు 1.17 చూడండి, అది సంస్థ పనితీరు గురించి. ఆ తర్వాత నాలుగో భాగానికి వెళ్లి ప్రతి సిఫార్సు పక్కనా రాసుకోండి: ఇది వస్తువును మారుస్తుందా, పద్ధతిని మారుస్తుందా, లేక "సిబ్బందికి మరోసారి గుర్తుచేయాలి" అనేదేనా?